పాశ్చాత్య దేశాల్లో అస్తిత్వ ఉద్యమాలు: నిన్న, నేడు, రేపు

అస్తిత్వ రాజకీయాలు అనే మాట ఈమధ్య పేపర్లలోనూ టీవీ చర్చల్లోనూ తరచుగా వినిపిస్తోంది. అమెరికా ఎన్నికలప్పుడైతే రోజూ వినిపించింది. కొందరు దాన్ని మెచ్చుకోలుగా వాడతారు, కొందరు తిట్టుగా వాడతారు. అసలు ఏంటిది? ఒంటి రంగు, ఆడ మగ తేడా, భాష, మతం, వైకల్యం లాంటి కారణాల వల్ల అన్యాయానికి గురైనవాళ్లు, ఏ గుర్తింపు వల్ల తమను తక్కువగా చూశారో ఆ గుర్తింపుతోనే ఒకటై హక్కులు అడగడాన్ని అస్తిత్వ రాజకీయాలు అంటారు.

ఇది దూరదేశాల విషయమే. అయినా మన బడి పిల్లలకు పరాయి విషయం కాదు. తమిళనాడులో పుట్టి తెలుగులో చదువుకుంటున్నామంటే దానికి కారణం మన రాజ్యాంగంలోని 30వ అధికరణం. అల్పసంఖ్యాక భాషల వాళ్లు తమ బడులు తామే పెట్టుకుని నడుపుకోవచ్చని అది చెబుతుంది. "అందరూ సమానమే కదా, మీకు వేరే బడి ఎందుకు?" అని మనల్ని అడిగేవాళ్లున్నారు. సరిగ్గా ఇదే ప్రశ్న చుట్టూ పాశ్చాత్య దేశాల్లో డెబ్బై ఏళ్లుగా వాదన నడుస్తోంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ఒక పదిహేనేళ్ల అమ్మాయి

అమెరికా పౌరహక్కుల పోరాటం అనగానే మనకు రోసా పార్క్స్ గుర్తొస్తారు. 1955 డిసెంబరు 1న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ ఊళ్లో, బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు ఖాళీ చేయనని కూర్చున్నారు. పోలీసులు అరెస్టు చేశారు. ఆ తర్వాత నల్లజాతి వారు 381 రోజులు సిటీ బస్సులు ఎక్కలేదు. ఇది చాలామందికి తెలిసిన కథే.

చాలామందికి తెలియని కథ ఇంకొకటి ఉంది. దానికి తొమ్మిది నెలల ముందు, 1955 మార్చి 2న, అదే ఊళ్లో క్లాడెట్ కాల్విన్ అనే అమ్మాయి అదే పని చేసింది. అప్పుడు ఆమెకు పదిహేనేళ్లు. అంటే నా వయసే. బడి నుంచి ఇంటికి వెళ్తూ బస్సెక్కింది. లేవమంటే లేవలేదు. పోలీసులు లాక్కెళ్లి జైల్లో పెట్టారు. బడిలో తమ జాతి చరిత్ర గురించి, బానిసత్వాన్ని ఎదిరించిన హారియెట్ టబ్‌మన్ లాంటి స్త్రీల గురించి చదువుకున్నానని, ఆ రోజు వాళ్లే తనను కూర్చోబెట్టినట్టు అనిపించిందని ఆమె పెద్దయ్యాక చెప్పింది.

మరి ఉద్యమానికి ఆమె ముఖం ఎందుకు కాలేదు? ఆమె చిన్నపిల్ల, బీద ఇంటిది, రంగు మరీ నలుపు. తర్వాత కొన్నాళ్లకు పెళ్లి కాకుండానే గర్భవతి అయింది. ఇలాంటి అమ్మాయిని ముందు నిలబెడితే లోకం ఏమంటుందో అని నాయకులు వెనకాడారు. కానీ బస్సుల్లో వేరుచేయడం చెల్లదని కోర్టులో కేసు వేసిన స్త్రీలలో ఆమె కూడా ఉంది. 1956 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కేసులో నల్లజాతి వారి పక్షాన నిలిచింది. అరెస్టు నాటి రికార్డును కోర్టు కొట్టేసింది మాత్రం 2021లో. అప్పటికి ఆమెకు 82 ఏళ్లు.

ఈ కథ ముందుగా ఎందుకు చెప్పానంటే, అన్యాయానికి గురైనవాళ్ల లోపల కూడా వెనక్కి నెట్టబడేవాళ్లు ఉంటారు. అస్తిత్వ రాజకీయాలు పుట్టింది అక్కడి నుంచే.

చట్టం వచ్చాక కూడా

1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. రంగు చూసి గానీ, ఆడ మగ తేడా చూసి గానీ ఉద్యోగం ఇవ్వకపోవడం చట్టవిరుద్ధమైంది. ఇక అంతా బాగుపడాలి కదా?

సెయింట్ లూయిస్ నగరంలో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. 1964కు ముందు అక్కడ నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకోలేదు. చట్టం వచ్చాక తీసుకున్నారు. తర్వాత 1970ల్లో ఆర్థిక మాంద్యం వచ్చింది. కంపెనీ లేఆఫ్ ప్రకటించింది. చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలి అనేది సీనియారిటీ నియమం. చివర చేరింది ఎవరు? నల్లజాతి స్త్రీలే. 1970 తర్వాత చేరిన నల్లజాతి స్త్రీలందరి ఉద్యోగాలూ పోయాయి.

ఎమ్మా డిగ్రాఫెన్‌రీడ్, మరో నలుగురు కలిసి కోర్టుకు వెళ్లారు. 1976లో కోర్టు ఇచ్చిన తీర్పు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. కంపెనీ స్త్రీలను తీసుకుంది కదా, కాబట్టి స్త్రీలపై వివక్ష లేదు అంది. ఆ స్త్రీలు తెల్లవాళ్లు. రంగు వివక్ష గురించి అయితే నల్లజాతి మగవాళ్లతో కలిసి వేరే కేసులో చూసుకోండి అంది. రెండూ కలిపి అడగడానికి చట్టంలో చోటు లేదంది. స్త్రీ అనే గదిలోనూ, నల్లజాతి అనే గదిలోనూ వాళ్లకు చోటు దొరకలేదు.

ఈ కేసునే తీసుకుని 1989లో కింబర్లీ క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఒక వ్యాసం రాశారు. నాలుగు రోడ్ల కూడలిని ఉదాహరణగా చూపించారు. కూడలి మధ్యలో నిలబడ్డ మనిషికి దెబ్బ తగిలితే అది ఏ రోడ్డు మీద వచ్చిన బండి వల్ల అయినా కావచ్చు, రెండు రోడ్ల బండ్ల వల్లా కావచ్చు. ఏ బండో తేలేదాకా వైద్యం చేయం అంటే ఎలా? దీనికి ఆమె పెట్టిన పేరు ఇంటర్‌సెక్షనాలిటీ. ఇప్పుడు ఈ మాట ప్రపంచమంతా వాడుతున్నారు.

మాట పుట్టిన చోటు

అస్తిత్వ రాజకీయాలు అనే మాటకు ఇప్పుడున్న అర్థం బోస్టన్ నగరంలో స్థిరపడింది. అక్కడ 1974లో కొందరు నల్లజాతి స్త్రీలు ఒక చిన్న సంఘం పెట్టుకున్నారు. దాని పేరు కాంబహీ రివర్ కలెక్టివ్. కాంబహీ అనేది సౌత్ కరోలినాలోని ఒక నది. అంతర్యుద్ధ కాలంలో, 1863 జూన్‌లో, హారియెట్ టబ్‌మన్ ఉత్తరాది సైన్యంతో కలిసి ఆ నది మీద పడవల్లో వెళ్లి 700 మందికి పైగా బానిసలను విడిపించారు. ఆ గుర్తుగా నది పేరే సంఘానికి పెట్టుకున్నారు.

1977 ఏప్రిల్‌లో ఈ సంఘం ఒక ప్రకటన రాసింది. బార్బరా స్మిత్, బెవర్లీ స్మిత్, డెమీటా ఫ్రేజియర్ దీన్ని రాశారు. అందులో వాళ్లు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. స్త్రీల ఉద్యమంలో తెల్ల స్త్రీల సమస్యలే ముందుంటున్నాయి, నల్లజాతి ఉద్యమంలో మగవాళ్ల మాటే చెల్లుతోంది. మా బాధ మాకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు కాబట్టి మా రాజకీయం మా జీవితం నుంచే మొదలుపెడతాం.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. వాళ్లు అందరి నుంచీ విడిపోతాం అనలేదు. నల్లజాతి మగవాళ్లతో కలిసి జాతి వివక్షపై పోరాడతాం, అదే సమయంలో వాళ్లలోని ఆడవాళ్ల పట్ల చులకనను కూడా ప్రశ్నిస్తాం అన్నారు. అందరికన్నా అడుగున ఉన్నవాళ్లు విముక్తి పొందారంటే, పైన ఉన్న బరువులన్నీ తొలగినట్టే కాబట్టి మిగతా అందరికీ విముక్తి వస్తుందని వాళ్ల నమ్మకం. అంటే మొదట్లో ఈ మాటకు అర్థం "మేమే" అని కాదు, "మా నుంచి మొదలు" అని.

అదే నెలలో ఇంకొక పోరాటం

సరిగ్గా అదే 1977 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో వికలాంగులు ఒక ప్రభుత్వ భవనంలోకి వెళ్లి కూర్చున్నారు. ప్రభుత్వ డబ్బుతో నడిచే చోట వికలాంగులపై వివక్ష చూపకూడదని 1973 చట్టంలో 504వ సెక్షన్ ఉంది. కానీ అమలు నియమాల మీద నాలుగేళ్లుగా ఎవరూ సంతకం పెట్టలేదు. చట్టం పుస్తకంలోనే ఉండిపోయింది. అందుకే జూడీ హ్యూమన్ వంటి నాయకుల వెంట వందమందికి పైగా ఆ భవనంలోనే ఉండిపోయారు. చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లు, చూపు లేనివాళ్లు, వినికిడి లేనివాళ్లు అందరూ నేల మీదే పడుకున్నారు. ఫోన్లు కట్ చేస్తే, వినికిడి లేనివాళ్లు కిటికీల దగ్గర నిలబడి సైగల భాషలో బయటి వాళ్లకు కబురు చెప్పారు.

వాళ్లకు రోజూ వేడి అన్నం తెచ్చి పెట్టింది ఎవరో తెలుసా? బ్లాక్ పాంథర్ పార్టీ. నల్లజాతి వారి హక్కుల కోసం 1966లో ఓక్లాండ్‌లో పుట్టిన పార్టీ అది. ఒకరి గుర్తింపు ఇంకొకరిది కాదు. అయినా ఆకలి తెలిసినవాళ్లకు ఎదుటివాళ్ల ఆకలి అర్థమైంది. ఏప్రిల్ 28న ప్రభుత్వం నియమాలపై సంతకం పెట్టింది. ఆ పోరాటమే 1990లో వచ్చిన అమెరికా వికలాంగుల చట్టానికి దారి చేసింది. మొత్తం చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

మన వాళ్లకు అందిన ఫలం

పౌరహక్కుల పోరాటం నల్లజాతి వారికే మేలు చేసిందని అనుకుంటే పొరపాటు. 1946 నుంచి అమెరికా చట్టం ప్రకారం భారతదేశానికి ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది మాత్రమే. పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను ఎంచే ఆ పద్ధతిని 1965 వలస చట్టం తీసేసింది. రంగును బట్టి మనిషిని తూచకూడదనే గాలి దేశమంతా వీస్తున్న రోజుల్లోనే అది సాధ్యమైంది. ఆ తర్వాతే మన డాక్టర్లు, ఇంజినీర్లు అక్కడికి పెద్ద సంఖ్యలో వెళ్లారు. ఇవాళ అమెరికాలో ఇన్ని తెలుగు కుటుంబాలు ఉన్నాయంటే అందులో మాంట్‌గోమరీ బస్సులు ఎక్కకుండా నడిచినవాళ్ల చెమట కూడా ఉంది.

ఆ ప్రభావం మన దేశానికీ వచ్చింది. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాళ్, జె.వి. పవార్, రాజా ఢాలే వంటి యువకులు దళిత్ పాంథర్స్ పెట్టారు. పేరు బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నదే. ఆ ఆలోచన తిరిగి అమెరికాకు కూడా చేరింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే సంవత్సరం కాలిఫోర్నియా చట్టసభ కులంపై బిల్లు ఆమోదించినా గవర్నర్ ఒప్పుకోలేదు. ఉన్న చట్టాలు చాలన్నారు. అక్కడి మన వాళ్లలోనే ఆ బిల్లు కావాలన్నవాళ్లు ఉన్నారు, వద్దన్నవాళ్లూ ఉన్నారు. సముద్రం దాటినా కొన్ని మూటలు మనతోనే వస్తాయన్నమాట.

ఎదురు ప్రశ్నలు

ఈ రాజకీయాలను విమర్శించిన వాళ్లందరూ చెడ్డవాళ్లు కాదు. వాళ్లలో పెద్ద చరిత్రకారులున్నారు. ఆర్థర్ ష్లెసింగర్ 1991లో రాసిన పుస్తకంలో, ప్రతి గుంపూ తన చరిత్ర మాత్రమే చెప్పుకుంటే దేశాన్ని కలిపి ఉంచేది ఏమిటి అని అడిగారు. వామపక్షానికే చెందిన ఎరిక్ హాబ్స్‌బామ్ 1996లో లండన్‌లో మాట్లాడుతూ, వామపక్షం నిలబడాల్సింది అందరి కోసం, కొన్ని గుంపుల కూడికగా మారితే బలహీనపడుతుందని హెచ్చరించారు. 2016 అమెరికా ఎన్నికల తర్వాత మార్క్ లిల్లా అనే ఆచార్యుడు కూడా దాదాపు ఇదే మాట అన్నారు. ప్రతి గుంపునూ పేరు పెట్టి పిలిస్తే, పిలవని గుంపు దూరమైపోతుందని ఆయన వాదన. అలా దూరమైన తెల్ల కార్మికులు తమదీ ఒక గుర్తింపే అనుకోవడం మొదలుపెట్టారని చాలామంది అంటారు.

కాలేజీ సీట్ల విషయంలో ఈ వాదన బాగా కనిపిస్తుంది. అమెరికాలో మనలాగా సీట్ల రిజర్వేషన్ లేదు. కాలిఫోర్నియాలో ఒక మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 వేరుగా ఉంచితే, 1978లో బకీ కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదంది. కానీ మిగతా విషయాలతో పాటు జాతిని కూడా ఒక అంశంగా చూడొచ్చంది. 45 ఏళ్లు అలా నడిచింది. 2023 జూన్ 29న హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు అది కూడా కుదరదంది. ఆ కేసులో, మార్కులు బాగా ఉన్నా తమను తక్కువగా చూస్తున్నారని చెప్పింది ఆసియా సంతతి విద్యార్థులు. ఒక మైనారిటీకి మేలు చేసే పద్ధతి ఇంకో మైనారిటీకి అన్యాయంగా కనిపించింది. ఇక్కడ ఎవరిది తప్పు అని ఒక్క మాటలో తేల్చడం కష్టం.

2020, ఆ తర్వాత

2013లో ముగ్గురు నల్లజాతి స్త్రీలు మొదలుపెట్టిన "బ్లాక్ లైవ్స్ మ్యాటర్" ఉద్యమం 2020లో ఒక్కసారిగా పెద్దదైంది. ఆ ఏడాది మే 25న మినియాపొలిస్‌లో ఒక పోలీసు అధికారి జార్జ్ ఫ్లాయిడ్ అనే వ్యక్తి మెడ మీద మోకాలు పెట్టి నొక్కడంతో ఆయన చనిపోయారు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. కరోనా కాలమైనా జనం వీధుల్లోకి వచ్చారు. జూన్ 7న ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, బానిసల వ్యాపారంలో డబ్బు గడించిన ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని పడగొట్టి ఓడరేవు నీళ్లలో పడేశారు. తర్వాత దాన్ని బయటికి తీసి మళ్లీ నిలబెట్టలేదు. మ్యూజియంలో, పూసిన రంగుతో సహా, పడుకోబెట్టి చూపించారు. చరిత్రను చెరపకుండా పూర్తిగా చెప్పడానికి అది మంచి పద్ధతి అనిపించింది.

ఆ రోజుల్లో కంపెనీలు, యూనివర్సిటీలు వైవిధ్యం పేరుతో కొత్త విభాగాలు, కొత్త ఉద్యోగాలు పెట్టాయి. ఐదేళ్లు తిరగకముందే గాలి మారింది. 2025 జనవరిలో ట్రంప్ రెండోసారి అధ్యక్షుడైన రోజే ప్రభుత్వంలో అలాంటి కార్యక్రమాలు ఆపేయమని ఉత్తర్వు ఇచ్చారు. కొన్ని పెద్ద కంపెనీలు కూడా తగ్గించుకున్నాయి. ఇంత తొందరగా మానుకున్నారంటే, మొదట్లో ఎంత నమ్మి పెట్టారు అనే సందేహం వస్తుంది.

ఇంకో మార్పు కూడా గమనించాలి. 2024లో హిస్పానిక్ ఓటర్లలో ట్రంప్‌కు అంతకుముందు కన్నా ఎక్కువ మద్దతు వచ్చింది. బ్రిటన్‌లో 2022లో ప్రధాని అయిన భారత సంతతి రిషి సునాక్ అప్పుడు కన్సర్వేటివ్ పార్టీ నాయకుడిగా ఉన్నారు. గుర్తింపు ఒకటైనంత మాత్రాన అభిప్రాయాలు ఒకటి కావని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఫ్రాన్స్ ఎంచుకున్న దారి

అసలు గుర్తింపుల గురించి మాట్లాడకుండా ఉంటే సరిపోదా? ఫ్రాన్స్ ఆ దారే పట్టింది. అక్కడ జనాభా లెక్కల్లో జాతి అడగరు. అందరూ ఫ్రెంచి పౌరులే, అంతే. 2004 చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో మతాన్ని కొట్టొచ్చినట్టు చూపే గుర్తులు పెట్టుకోకూడదు. దాంతో ముస్లిం అమ్మాయిల తలగుడ్డలతో పాటు సిక్కు అబ్బాయిల తలపాగాలు కూడా ఆగిపోయాయి. ఆ మరుసటి ఏడాదే, 2005 అక్టోబరులో, పారిస్ శివారులో పోలీసులకు దొరక్కుండా పారిపోతూ ఇద్దరు కుర్రాళ్లు కరెంటు సబ్‌స్టేషన్‌లో చనిపోయారు. వలస కుటుంబాలు ఉండే శివారు పేటల్లో మూడు వారాలు అల్లర్లు జరిగాయి. లెక్కల్లో రాయనంత మాత్రాన తేడాలు పోలేదు. థర్మామీటరు పగలగొడితే జ్వరం తగ్గదు కదా.

రేపు ఏమవుతుంది?

నా అభిప్రాయం చెబుతాను. అస్తిత్వ రాజకీయాలు పూర్తిగా పోవు. పేరు మారొచ్చు, కార్యక్రమాలు ఆగొచ్చు. కానీ ఒక మనిషిని ఫలానా గుంపువాడు అని తక్కువ చేసినంత కాలం, ఆ గుంపు ఏదో ఒక రోజు లేచి నిలబడుతుంది. జనరల్ మోటార్స్ కేసులో జరిగింది గుర్తుచేసుకోండి. అందరికీ ఒకటే నియమం అన్నా, ఆ నియమం దెబ్బ ఒకళ్ల మీదే పడింది. అలాంటి దెబ్బను చూపించాలంటే ఆ ఒకళ్లకు ఒక పేరు ఉండాలి.

అయితే నిలిచే ఉద్యమాలు ఏవి? చదివినదాన్ని బట్టి నాకు రెండు విషయాలు తోచాయి. మొదటిది, అడిగేది స్పష్టంగా ఉండాలి. బస్సులో సీటు, ఫ్యాక్టరీలో పని, చక్రాల కుర్చీ ఎక్కే దారి. ఇలాంటివి సాధించినవి నిలిచాయి. ఏ మాట వాడాలి, ఏ మాట వాడకూడదు అనే గొడవల్లో పడినవి అలిసిపోయాయి. రెండోది, పక్కవాడి కోసం కూడా అన్నం మోయాలి. 1977లో బ్లాక్ పాంథర్స్ చేసిన పని అదే. తన గుంపు కోసమే న్యాయం అడిగేది కొన్నాళ్లకు ఒంటరిదవుతుంది. ఇంకొకటి కూడా ఉంది. గుంపు లోపల ఉన్న క్లాడెట్ కాల్విన్‌లను మర్చిపోకూడదు. బయటివాళ్ల అన్యాయాన్ని ప్రశ్నించేవాళ్లు ఇంట్లో అన్యాయాన్ని కూడా ప్రశ్నించాలి.

ఇప్పుడు మన విషయానికి వస్తాను. మనం మన బడి నిలబడాలంటున్నాం. తెలుగులో పుస్తకాలు సమయానికి రావాలంటున్నాం, తెలుగు చెప్పే టీచర్లు కావాలంటున్నాం. ఇవి స్పష్టమైన కోరికలు, న్యాయమైన కోరికలు. వీటిని అడగడం అంటే తమిళానికి వ్యతిరేకం కాదు. నేను తమిళం చదువుతాను, వీధిలో తమిళంలోనే ఆడుకుంటాను, అది కూడా నాదే. ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ తమిళం, కన్నడం, ఒడియా, ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్లలు మనలాగే ఉన్నారు. మనకు ఇక్కడ కావాలన్నది వాళ్లకు అక్కడ కూడా ఉండాలని మనం అనగలిగితేనే మన మాటకు బలం ఉంటుంది. అలాగే మన తెలుగువాళ్లలోనే కులం వల్లనో బీదరికం వల్లనో వెనక కూర్చున్న పిల్లలుంటే, బడి ముందు వాళ్లకు అందాలి.

వేరే బడి ఎందుకు అని ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకోనక్కర్లేదు. అందరితో కలవడానికే మేము మా భాషతో వస్తున్నాం అని చెబితే చాలు.